పంపూన్‌కి మేత

ఆ ఏడు చలికాలం పోతూ పోతూ మా ఇంట్లో రెండు నోళ్ళు మూయించి పోయింది. ఒకటి నా మొగుడు మెర్విన్‌ది. రెండోది అతని బల్లిది.

బల్లి అంటే గోడల మీద తిరిగేది కాదు. పసుపు ఒంటి మీద నల్లచుక్కలుండే చిరుతబల్లి. గాజుపెట్టెలో ఉంటుంది. పేరు పంపూన్, అంటే మా ఆఫ్రికాన్స్ భాషలో గుమ్మడికాయ. ఈ జాతి బల్లి కొవ్వునంతా తోకలో దాచుకుంటుంది. తోక బొద్దుగా ఉంటే క్షేమంగా ఉన్నట్టు. ఆ ఆగస్టుకి, అంటే మా దేశంలో చలికాలం చివరికి, పంపూన్ తోక ఎండిన చిక్కుడుకాయలా అయిపోయింది.

ఇక మెర్విన్ సంగతి. అతను జోహానెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి లారీ తోలేవాడు. ఒకరోజు హైవే మీద జనం అడ్డం పడి వరసగా లారీలు తగలబెట్టారు. అందులో మెర్విన్‌ది ఒకటి. అతను దూకి పొలాల్లోకి పరిగెత్తాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు, అదే వచ్చిన చిక్కు. గాయమంటూ ఉంటే కట్టు కట్టేదాన్ని. ఇంటికొచ్చిన రోజు గేటుకి తాళం వేశాడు, తన తాళంచెవి జేబులో వేసుకున్నాడు, మళ్ళీ ఆ గేటు దాటలేదు. మొదట్లో గేటు దాకా వచ్చేవాడు. తరవాత వరండా దాకా. ఆ చలికాలానికి మంచానికీ గాజుపెట్టెకీ మధ్య తిరగడమే మిగిలింది. పళ్ళెంలో పెట్టింది కెలికి లేచిపోయేవాడు.

నేను ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. రోజంతా ఆవిరి, తడి దుప్పట్ల బరువు, రకరకాల మరకలు. మా పేట బోస్మాంట్‌లో షేర్ టాక్సీ దిగి ఇంటికి నడిచేసరికి కాళ్ళు నావి కావన్నట్టుంటుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే మెర్విన్ ఒకటే మాట అనేవాడు.

"తినలేదు."

"ఎవరు? నువ్వా, వాడా?"

"వాడే."

ఒకరోజు గాజుకి ముక్కు ఆనించి, నా వైపు చూడకుండానే, "వీడు పోతే యూనిస్, నేనూ..." అని ఆగాడు. ఆ మాట చివర ఏముందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. మర్నాటి నుంచి బాత్‌రూమ్ అలమరలో ఉండాల్సిన మందుబిళ్ళలన్నీ నా చేతిసంచిలోనే నాతోపాటు డ్యూటీకి వచ్చి పోతుండేవి. బల్లి బతకాలి. నాకు తెలిసిందల్లా అదే.

*

మాల్‌లో పెంపుడు జంతువుల కొట్టు ఉంది. అక్కడ కెఫిల్వె అనే అమ్మాయి పని చేస్తుంది, చెవికి అయిదారు పోగులు, మాట మాత్రం పెద్దమ్మలా ఉంటుంది.

"ఇన్నాళ్ళూ ఏం పెట్టారు ఆంటీ?"

"పిండిపురుగులు."

"రోజూ అవేనా? మీరైతే రోజూ మొక్కజొన్న సంకటే తింటారా?"

"నెలాఖరుకి అదే తింటామమ్మా."

ఆ పిల్ల నవ్వి నన్ను వెనక్కి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా డబ్బాలు, వాటిలో కదిలేవి, పాకేవి, గెంతేవి. నాకు ఒళ్ళు జలదరించింది. ఆమె మాత్రం కూరగాయలు చూపించినంత తేలిగ్గా చూపించింది.

"ఇవి కీచురాళ్ళు. గెంతుతుంటే బల్లికి వేటాడబుద్ధేస్తుంది. కానీ మిగిలినవి పెట్టెలో వదిలేయకండి, నిద్రలో బల్లినే కొరుకుతాయి. ఇవి ఎర్ర బొద్దింకలు. బలానికి ఇవే మంచివి, గోల చెయ్యవు, కంపు కొట్టవు. ఇదిగో, ఈ తెల్లవి మైనపు పురుగులు. ఒట్టి కొవ్వు, మిఠాయి లాంటివి. రుచి మరిగిందంటే ఇంకోటి ముట్టదు. ఏది పెట్టినా దాని రెండు కళ్ళ మధ్య ఉన్న ఎడం కంటే పెద్దది పెట్టకండి. పెట్టేముందు ఈ కాల్షియం పొడి అద్దండి. తోటలో పట్టిన పురుగులు అసలొద్దు, ఎవరో మందు కొట్టే ఉంటారు."

మా అత్తకి షుగరొచ్చినప్పుడు డాక్టరు కూడా ఇన్ని పథ్యాలు చెప్పలేదు. కీచురాళ్ళు కొంచెం, బొద్దింకలు కొంచెం తీసుకున్నాను.

మా అత్త హెస్టర్ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. డబ్బాలోకి తొంగిచూసి చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఏమే యూనిస్, ఈ ఇంట్లోంచి బొద్దింకల్ని తరిమి తరిమి నా నడుం పోయింది. నువ్వు డబ్బిచ్చి తెచ్చావా?"

"ఇవి వేరమ్మా. పెంపుడువి."

"ఓహో. పేర్లు కూడా పెట్టేశారా?"

మెర్విన్ పట్టకారుతో బొద్దింకని పట్టుకుని పంపూన్ ముందు ఆడించాడు. పంపూన్ చూసింది. నాలుకతో తాకింది. తల పక్కకి తిప్పేసుకుంది. కీచురాయి పెడితే కళ్ళు మూసుకుంది. మూత సరిగా పెట్టకపోవడంతో కీచురాళ్ళు కాస్తా తప్పించుకుని ఫ్రిజ్ వెనక కాపురం పెట్టాయి. వారం తిరక్కుండానే సాయంత్రమయ్యేసరికి కచేరీ మొదలైంది. "ఇదొకటి తక్కువైంది ఈ కొంపకి," అని అత్త ఫ్రిజ్‌ని చీపురుతో కొట్టేది.

"ఏది కావాలో నోరు తెరిచి చెప్పరా," అని మెర్విన్ గాజు మీద వేలితో తట్టి బతిమాలాడు. అదే మాట నేను అతన్ని ఎన్నిసార్లు అడిగానో.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు కరెంటు కోతలు పెరిగాయి. పెట్టె కింద వెచ్చటి పలక ఉంటుంది, అది చల్లబడితే బల్లికి తిన్నది అరగదు, అరగదని తెలిసి అసలు తినదు. గ్యాసు మీద నీళ్ళు కాచి, సీసాలో పోసి, పాత మేజోడు తొడిగి పెట్టె కింద దూర్చేదాన్ని. నా పక్కమీద పెట్టుకోవలసిన సీసా అది. ఆ సంగతి నాకు గుర్తుండేది కూడా, ఎందుకంటే చలికి నిద్ర పట్టేది కాదు.

*

పక్కింటి సాలీ అంకుల్ మంచివాడు. మంచితనంతో చంపుతాడు. ఒక ఆదివారం గోడ మీంచి ఐస్‌క్రీం డబ్బా అందించి, "ఇది పెట్టి చూడమను మెర్విన్‌ని. దీన్ని కాదన్న ప్రాణి లేదు," అన్నాడు.

మూత తీశాను. పార్క్‌టౌన్ రొయ్య. అంటే రొయ్య కాదు, మా ఊరి పెరళ్ళలో ఉండే రాక్షసి కీచురాయి. నా బొటనవేలి కంటే లావు, కాళ్ళకి ముళ్ళు. పడమటి జోహానెస్‌బర్గ్‌లో మగవాళ్ళు కూడా దాన్ని చూసి కుర్చీలెక్కుతారు.

"అంకుల్, రెండు కళ్ళ మధ్య ఎడం కంటే పెద్దది పెట్టకూడదట."

"ఎవరి కళ్ళు? నీవా?"

అనేలోపే అది ఎగిరి నా భుజం మీదుగా వంటింట్లో పడింది. నల్లటి కంపు నీళ్ళు చిమ్మింది. అత్త బఠాణీల గిన్నె విసిరింది. సాలీ అంకుల్ గోడ అవతల నుంచే "కాలితో తొక్కు, కాలితో తొక్కు" అని ధైర్యం చెప్పాడు. చివరికి పెరట్లోకి ఈడ్చిపారేస్తే, ఒక వంకరముక్కు కొంగ దిగి ముక్కున కరుచుకుపోయింది. నాకు నవ్వొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాతరోజుల్లో అయితే మెర్విన్ దీన్ని నెలరోజులు కథగా చెప్పేవాడు. ఇప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి చూసి, "వాడు భయపడ్డాడు," అని లోపలికి వెళ్ళి పెట్టె మీద తువ్వాలు కప్పాడు.

*

మా ఊరిలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ సెప్టెంబరు వచ్చిందంటే చెప్పుల పెట్టెలో పట్టుపురుగులు పెంచినవాళ్ళే. మల్బరీ చిగురు వేయగానే కిందటేటి గుడ్లు పగులుతాయి. మిగతా ఇళ్ళల్లో పిల్లలు పెద్దయ్యాక ఆ సరదా పోతుంది. మా ఇంట్లో పోలేదు. మెర్విన్ బడికి పోయే రోజుల్లో అగ్గిపెట్టెలో తెచ్చిన పురుగుల వంశాన్ని అత్త ఒక్క ఏడు కూడా తెగనివ్వలేదు. గుడ్లున్న కాగితాన్ని బీరువా మీద దాచేది. పురుగులొచ్చాక వీధి పిల్లలకి పంచేది, మిగిలినవాటిని అట్టతో కత్తిరించిన శిలువల మీద వదిలేది. అవి గూడు కట్టుకునే చోటు దొరక్క ఆ అట్ట మీదే పట్టు పరిచేవి. ఆ పట్టు శిలువలే ఆదివారం బడి పిల్లల బైబిళ్ళలో గుర్తులయ్యేవి.

పట్టుపురుగంత మెత్తని మేత చిక్కిపోయిన బల్లికి ఇంకోటి లేదని కెఫిల్వె చెప్పింది. కొట్టులో మాత్రం దొరకవట. నేను అత్త దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, కొన్ని ఇవ్వు."

"ఏంటి, నా పిల్లల్నా?"

"పురుగులమ్మా."

"నీకు పురుగులు. వాడు గోళీలన్నీ ఇచ్చి తెచ్చుకున్నాడు వీటి ముత్తవ్వల్ని. వాళ్ళ నాన్న పోయిన ఏడు కూడా నేను వీటికి ఆకు తప్పించలేదు. ఇప్పుడు ఆ గుడ్లప్పగించి చూసే దాని నోట్లో వెయ్యాలా? ఇంట్లో అలాంటిది అరిష్టమని ముందే మొత్తుకున్నా. అందుకే లారీ కాలింది."

"లారీ కాల్చింది మనుషులమ్మా."

"నువ్వు నాకు నేర్పకు."

నాకు వాదించే ఓపిక లేదు. చేతిసంచి తెరిచి, నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు, ఆమె బీపీ మాత్రలు అన్నీ తీసి బల్ల మీద పెట్టాను. ఇవి అలమరలోంచి ఎక్కడికి పోయాయని ఆమె రోజూ పొద్దున నన్ను తిడుతూ ఉండేది. ఆమె వాటిని చూసింది. నన్ను చూసింది. మెర్విన్ గది తలుపు చూసింది. లేచి పడుకోవడానికి వెళ్ళిపోయింది.

పొద్దున లేచేసరికి వంటింటి బల్ల మీద చెప్పుల పెట్టెలు రెండున్నాయి.

"ఇవి దేవుడివి. ఇవి బల్లివి. కలిపావంటే చేతులు విరగ్గొడతా," అంది అత్త, నా మొహం చూడకుండా.

ఆ సాయంత్రం మెర్విన్ పట్టకారు వాడలేదు. పురుగుని అరచేతిలో పెట్టుకుని పెట్టెలోకి చెయ్యి చాపాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత పంపూన్ తోక కొస సన్నగా ఊగింది. ఒక్క దూకు. పురుగు సగం నోట్లో, సగం బయట.

"తిన్నాడు," అన్నాడు మెర్విన్. ఊపిరి బిగబట్టి, మళ్ళీ, "అమ్మా, తిన్నాడు."

"విన్నాంలే. చర్చి గంట కొట్టించనా?" అని అత్త అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ పూట మెర్విన్ రొట్టెముక్క సగం తిన్నాడు. నేను ఆ సగానికే పొంగిపోయాను.

పట్టుపురుగులతో ఒకటే బాధ, వాటికి మల్బరీ ఆకే కావాలి, అది ఏ రోజుకారోజు కోసుకురావాలి. చెట్టు మా ఇంటికి నాలుగు వీధుల అవతల, బడి దాటాక రోడ్డు పక్కన ఉంది. అత్త మోకాళ్ళు అంత దూరం పోవు. డ్యూటీ దిగి నేనే వెళ్ళేదాన్ని. పురుగులు పెద్దవయ్యేకొద్దీ సంచులు సంచులు మేశాయి. ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను.

"నీ బల్లికి, నీ పురుగులకి నువ్వు ఆకు తేలేవా మెర్విన్? నాలుగు వీధులు."

అతను కిటికీలోంచి గేటు వైపు చూశాడు. చేతులు చంకల్లో దాచుకున్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్టోబరులో లాండ్రీలో ఒక యంత్రం ఆగిపోయింది. ఉన్నవాటితోనే పని నడపాలని మాకు పొద్దుపోయేదాకా డ్యూటీలు వేశారు. నేను ఆకుకి వెళ్ళలేకపోయాను. "నువ్వు పడుకో, నేను చూసుకుంటాలే," అంది అత్త. ఎలా చూసుకుందో నేను అడగలేదు. పడుకోమన్న మాట దొరికితే చాలన్నట్టుండేది నా పని.

*

ఆ గురువారం నన్ను పెందలాడే వదిలారు. వీధి మలుపు తిరిగేసరికే తేడా కనిపించింది. మా గేటు తెరిచి ఉంది.

"మెర్విన్!"

జవాబు లేదు. అత్త చర్చి మహిళా సంఘానికి వెళ్ళే రోజు అది. టీవీ ఆగి ఉంది. గాజుపెట్టె మూత పక్కన పడి ఉంది, పంపూన్ లేదు. పెట్టెలో పరిచే తెల్లకాగితం నేల మీద పడి ఉంది, దాని మీద ఎర్రటి మరక. బాత్‌రూమ్‌లో వాష్‌బేసిన్ నిండా పల్చటి ఎరుపు. తువ్వాలు లేదు. అతని ఫోనుకి చేస్తే మంచం మీద మోగింది.

రోజూ నా చేతుల మీదుగా వెళ్ళే మరకల్లో సగం నెత్తురివే. ఎండిన నెత్తురు గోధుమరంగుకి తిరుగుతుంది, దూరం నుంచి చూసి చెప్పగలను. ఆ కాగితం మీది మరక గులాబీ రంగులో ఉంది. అదేమీ నా బుర్రకి ఎక్కలేదు. బల్లి పోయింది, అతనూ పోయాడు, అనుకున్నాను. చేతిసంచిని గట్టిగా పట్టుకున్నాను. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో కత్తులున్నాయని నాకెందుకు తట్టలేదు?

వీధిలోకి పరిగెత్తాను. సాలీ అంకుల్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మెర్విన్‌ని చూశారా?"

"పొద్దున వెళ్ళాడమ్మా. చొక్కాలో చేతులు పెట్టుకుని, తువ్వాలు చుట్టుకుని. పిలిస్తే పలకలేదు. నాకేమో దయ్యాన్ని చూసినట్టయింది, బయట చూసి ఎన్నాళ్ళయింది!"

"చేతులకేమైంది?"

"కనబడలేదు తల్లీ. పెద్దరోడ్డు వైపు వెళ్ళాడు."

పెద్దరోడ్డు మీద లారీలు పోతాయి. నేను ఆసుపత్రి చెప్పులతోనే పరిగెత్తాను. ఒక చెప్పు తెగితే రెండోది కూడా విసిరేశాను. బడి దాటాను. దేవుణ్ణి తలుచుకున్నానని అబద్ధం చెప్పను. తిట్టాను. ఇంత కష్టపడి, ఇన్ని బొద్దింకలు తెచ్చి, ఇన్ని సీసాలు కాచిపోశాక ఇలాగా, అని తిట్టాను.

మల్బరీ చెట్టు కింద మెర్విన్ నిలబడి ఉన్నాడు. చేతులు మణికట్టు దాకా ఎర్రగా, నల్లగా ఉన్నాయి. మూతి, గడ్డం, చొక్కా గుండెల మీద అదే రంగు. నా గొంతులోంచి వచ్చిన అరుపుకి చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

"ఏంటే? ఏమైంది?" అన్నాడతను. నోట్లో ఏదో పండు నములుతున్నాడు.

నేను దగ్గరికి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని తిప్పి చూశాను. మణికట్టు చూశాను. తీపి వాసన. మల్బరీ రసం. అతన్ని గుండెల మీద గుద్దాను.

"ఆగు, ఆగు, వాడున్నాడు లోపల," అని చొక్కాలోంచి తువ్వాలు చుట్టిన టిఫిను డబ్బా తీశాడు. మూత బెజ్జాల్లోంచి పంపూన్ నన్ను చూసింది, ఎప్పటిలాగే నాతో పనేమీ లేనట్టు.

"పొద్దున వాడి రెట్ట ఎర్రగా ఉంది యూనిస్. నెత్తురనుకున్నా. గోరువెచ్చని నీళ్ళలో కడిగా, ఇంకా వచ్చింది. అమ్మ లేదు, నువ్వు లేవు. డబ్బాలో పెట్టుకుని టాక్సీ ఎక్కేశా."

"టాక్సీ ఎక్కావా?"

"పశువుల డాక్టరు దగ్గరికి. ఆయన చూసి, వాసన చూసి, మీ ఇంట్లో ఎవరైనా పట్టుపురుగులకి బీట్‌రూట్ ఆకు వేశారా అనడిగాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ చెల్లి వేసేదట, గులాబీ రంగు పట్టు వస్తుందని." మెర్విన్ తల అడ్డంగా ఊపాడు. "నేనూ వేశాను యూనిస్. మా అమ్మే నేర్పింది. పెరట్లో బీట్‌రూట్ ఎందుకేస్తుందనుకున్నావ్? నాకు గుర్తే రాలేదు."

ఆకు లేని రోజుల్లో అత్త ఎలా చూసుకుందో అప్పుడు తెలిసింది. దేవుడికీ బల్లికీ ఒకే మేత వేసింది.

"దారిలో..." అన్నాను. ఎలా అడగాలో తెలియలేదు.

"సిగ్నల్ దగ్గర ఒక లారీ వచ్చి టాక్సీ పక్కనే ఆగింది. నా కిటికీ పక్కనే."

"మరి?"

"మరేముంది. పచ్చలైటు పడింది."

అతను ఇంకో పండు కోసుకుని నోట్లో వేసుకున్నాడు. "తిరిగొస్తుంటే ఆకలేసింది," అన్నాడు. ఆ మాట అతని నోట విని ఏడాది దాటిపోయింది. నేను ఏడ్చేశాను. రోడ్డు మీద, చెప్పుల్లేకుండా, లాండ్రీ గౌనులో నిలబడి ఏడ్చాను. ఏడుపు తగ్గాక ఇంకా పండని పచ్చికాయలు కోసి అతని వేళ్ళకి రుద్దాను. మల్బరీ మరక మల్బరీ పచ్చికాయతోనే పోతుంది, ఇది లాండ్రీలో నేర్చుకున్నది కాదు. అతను చిన్నపిల్లాడిలా చేతులు చాపి నిలబడ్డాడు. చొక్కా మాత్రం పనికిరాదు.

మేం ఇల్లు చేరేసరికి అత్త గేటు దగ్గర నిలబడి ఉంది, చర్చి టోపీ తియ్యకుండానే. కొడుకుని కింది నుంచి పైదాకా చూసింది. కొడుకు గేటుకి బయట ఉన్నాడు, తను లోపల ఉంది. గేటు కమ్మీని గట్టిగా పట్టుకుంది. కానీ ఆమె ఆమే.

"ఆకేది?" అంది.

మెర్విన్ తన చేతులు చూసుకున్నాడు. "మర్చిపోయానమ్మా."

"పళ్ళు మేసొచ్చావు గానీ ఆకు మర్చిపోయావా? ఏడేళ్ళప్పుడూ ఇదే వరస."

"రేపు తెస్తాలే."

"పురుగులకి రేపు అంటే ఏం తెలుస్తుందిరా? నా పెరట్లో బీట్‌రూట్ అయిపోయింది."

మెర్విన్ టిఫిను డబ్బా నా చేతిలో పెట్టాడు. గేటుకి తగిలించిన సంచి తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. అతను మలుపు తిరిగేదాకా అత్తా నేనూ చూశాం. తరవాత ఆమె లోపలికి వెళ్ళి బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టింది, మామూలుగా పెట్టేదానికంటే ఎక్కువ. నేను గేటు దగ్గరగా వేశాను. తాళం వెయ్యలేదు.